పోలండ్‌లో కూలిన డ్రోన్లు, చీమకుర్తిలో ఆగిన స్లాబులు: ఒక ఎగుమతి వివాదం కేస్ స్టడీ

నేను ఒంగోలులో ఎగుమతి కాగితాల పని చూస్తాను. చీమకుర్తి, గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్ చుట్టుపక్కల గ్రానైట్ యూనిట్లకు కాంట్రాక్టులు రాసివ్వడం, బ్యాంకులో డాక్యుమెంట్లు పెట్టించడం, ఎగుమతి డబ్బు రాకపోతే పరిహారమిచ్చే ప్రభుత్వ బీమా సంస్థ ఈసీజీసీతో వ్యవహారాలు నడిపించడం నా వృత్తి. 2025 సెప్టెంబరులో వచ్చిన ఒక కేసును ఇక్కడ రాస్తున్నాను. యూనిట్‌ను, కొనుగోలుదారును గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. వార్తల్లోని తేదీలు, సంఘటనలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

మన జిల్లాలో డ్రోను అంటే మిర్చి తోటకు మందు కొట్టే యంత్రం. అది యుద్ధ వార్తగా మారి, మిత్ర దేశాల మధ్య మాటల గొడవగా మారి, చివరికి చీమకుర్తిలో ప్యాకింగ్ అయిన స్లాబుల దగ్గరకు వచ్చి ఆగింది. ఇలాంటివి ఇకముందు ఇంకా వస్తాయని నా అంచనా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

తండ్రీకొడుకుల యూనిట్. తండ్రి ఒకప్పుడు రామతీర్థం వైపు క్వారీల్లో బ్లాకులు కొని అమ్మిన మనిషి. రాయి మీద నీళ్లు చల్లి చూసి, పాలిష్ పట్టాక చుక్కలు ఎలా తేలతాయో చెప్పేస్తాడు. కొడుకు ఎంబీఏ చేసి వచ్చి, బ్లాక్ గెలాక్సీ, స్టీల్ గ్రే స్లాబులను నేరుగా ఎగుమతి చేయడం మొదలుపెట్టాడు. వాళ్ల సరుకులో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లేది. 2025 ఏప్రిల్‌లో అక్కడి సుంకాల మాట మొదలైనప్పటి నుంచి కొడుకు యూరప్ వైపు చూశాడు. ఆగస్టు 27 నుంచి సుంకం 50 శాతానికి చేరింది. నెల్లూరు రొయ్యల వాళ్లు ఎంత దెబ్బతిన్నారో అందరికీ తెలిసిందే, గ్రానైట్ వాళ్ల లెక్కలూ తారుమారయ్యాయి. ఆ 50లో 25 శాతం, మనం రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి వేసింది. ఈ సంగతి కింద మళ్లీ అవసరమవుతుంది.

యూరప్‌లో దొరికిన ఆసామి పోలండ్‌లో రాళ్ల హోల్‌సేల్ వ్యాపారి. అంతకుముందు చిన్న ఆర్డర్లు ఇచ్చి, డబ్బు సక్రమంగా పంపిన మనిషే. ఈసారి ఐదు కంటైనర్లకు ఆర్డరిచ్చాడు. సీఎఫ్ఆర్ గ్డీనియా, అంటే బాల్టిక్ తీరంలోని గ్డీనియా రేవు దాకా ఓడ కిరాయి మనది. సరుకు ఓడెక్కిన దగ్గర నుంచి రిస్కు అతనిది. 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 శాతం బ్యాంకు ద్వారా డీపీ పద్ధతిలో, అంటే అతను డబ్బు కడితేనే అక్కడి బ్యాంకు డాక్యుమెంట్లు ఇస్తుంది. ఎల్‌సీ, అంటే కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం, లేదు. పాత పరిచయమే కదా అని అడగలేదు. మన రంగంలో ఇది మామూలే, దీన్ని నేను తప్పుపట్టను. ఎల్‌సీ అడిగితే పక్క యూనిట్‌కు వెళ్లిపోయే కొనుగోలుదార్లు ఉంటారు.

కాంట్రాక్టు అంటూ విడిగా ఏమీ లేదు. ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (సరుకు పంపకముందు ఇచ్చే ధరల పత్రం) వెనక పేజీలో ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన షరతులున్నాయి. అందులో ఫోర్స్ మెజ్యూర్ క్లాజు ఒకటి: యుద్ధం, శత్రు చర్యలు, సైనిక చర్యలు, ప్రకటించినా ప్రకటించకపోయినా, ఇలాంటివి జరిగితే ఏ పక్షమైనా బాధ్యత నుంచి మినహాయింపు కోరవచ్చు అని. ఆ సంఘటన వల్ల పని నిజంగా ఆగిపోవాలి అన్న మాట ఎక్కడా లేదు. కేసు మొత్తం ఆ లేని మాట చుట్టూనే తిరిగింది.

సమస్య

2025 సెప్టెంబరు 9 రాత్రి తెల్లవారితే 10, యుక్రెయిన్ మీద రష్యా దాడి చేస్తున్న సమయంలో డ్రోన్లు పోలండ్ గగనతలంలోకి వచ్చాయి. 19 ఉల్లంఘనలు నమోదయ్యాయని ప్రధాని డొనాల్డ్ టస్క్ అక్కడి పార్లమెంటులో చెప్పారు. పోలండ్ ఎఫ్-16లు, నెదర్లాండ్స్ ఎఫ్-35లు పైకి లేచి కొన్నింటిని కూల్చాయి. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఒక నాటో దేశం తన ఆకాశంలో రష్యా డ్రోన్ల మీద కాల్పులు జరపడం అదే మొదటిసారి. వార్సా, లూబ్లిన్‌తో సహా కొన్ని విమానాశ్రయాలు కొన్ని గంటలు మూసి, మళ్లీ తెరిచారు. పడిన వాటిలో చాలావరకు గెర్బెరా రకం, ఫోము, ప్లైవుడ్‌తో చేసిన ఎర డ్రోన్లు. పోలండ్ నాటో ఒప్పందంలో 4వ అధికరణం కింద సంప్రదింపులు కోరింది. సెప్టెంబరు 12న నాటో తూర్పు సరిహద్దు కాపలాకు ఈస్టర్న్ సెంట్రీ అనే కార్యక్రమం ప్రకటించింది. అదే సమయంలో రష్యా, బెలారుస్‌ల జపాద్ అనే ఉమ్మడి సైనిక విన్యాసాల కారణంగా పోలండ్ బెలారుస్ సరిహద్దును మూసేసింది. సెప్టెంబరు 25న గానీ తెరవలేదు.

ఇది జరిగిన కొద్ది రోజులకు కొనుగోలుదారు నుంచి మెయిల్ వచ్చింది. మా భూభాగంలో శత్రు చర్యలు జరుగుతున్నందున ఫోర్స్ మెజ్యూర్ కోరుతున్నాం. ఫ్యాక్టరీలో ఉన్న మూడు కంటైనర్ల సరుకు పంపొద్దు, వాటి అడ్వాన్సు వెనక్కివ్వండి. సముద్రంలో ఉన్న రెండింటి డాక్యుమెంట్లు మేం చెప్పేవరకు బ్యాంకులో పెట్టొద్దు. సారాంశం ఇది.

ఆ రెండు కంటైనర్లు ఆగస్టులో చెన్నై నుంచి బయల్దేరాయి. ఎర్ర సముద్రంలో యెమెన్ హూతీ తిరుగుబాటుదారుల దాడుల తర్వాత చాలా ఓడలు సూయజ్ మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్తున్నాయి కాబట్టి అక్టోబరులో గానీ గ్డీనియా చేరవు. చేరాక ఎవరూ విడిపించుకోకపోతే డెమరేజ్, డిటెన్షన్, అంటే కంటైనర్లను గడువు దాటి ఉంచినందుకు కట్టే రుసుములు, రోజురోజుకూ పెరుగుతాయి. ఇంకోవైపు బ్యాంకులో ప్యాకింగ్ క్రెడిట్, అంటే సరుకు తయారీకి తీసుకున్న ఎగుమతి అప్పు, ఉంది, ఎగుమతి డబ్బు వస్తేనే అది తీరుతుంది. పెద్దాయన నాతో అన్న మొదటి మాట: “వాళ్ల దేశంలో డ్రోను పడితే మన రాళ్లకేంది సారూ సంబంధం?”

ప్రశ్న సరైనదే. కానీ ఆయన దాన్ని కోపంగా అడిగాడు. ఓపిగ్గా అడగాల్సిన ప్రశ్న అది.

నా దగ్గరకు వచ్చేలోపు జరిగింది

అబ్బాయి అప్పటికే జవాబు పంపేశాడు. సెప్టెంబరు 11న అమెరికా అధ్యక్షుడు ట్రంప్, ఆ డ్రోన్ల సంగతి పొరపాటు అయివుండొచ్చు అని విలేకరులతో అన్నారు. అబ్బాయి ఆ వీడియో తునకను వాట్సాప్‌లో పోలండ్ వ్యాపారికి పంపి, కింద రాశాడు: మీ సొంత మిత్ర దేశమే ఇది పొరపాటు అంటోంది, మరి యుద్ధం ఎక్కడుంది?

వాదనగా చూస్తే అతని బుర్ర బాగానే పనిచేసింది. మనిషికి పంపే మాటగా చూస్తే అంతకంటే చెడ్డ మాట ఆ వారంలో ఇంకోటి దొరకదు. ఎందుకో చెప్పాలంటే ఆ మిత్రుల మధ్య గొడవ లోతు కొంచెం తెలియాలి.

ట్రంప్ మాట వచ్చిన వెంటనే పోలండ్ విదేశాంగ మంత్రి సికోర్‌స్కీ అది పొరపాటు కాదని ఖండించారు. టస్క్ కూడా, పొరపాటైతే బాగుండునని మాకూ ఉంది, కానీ కాదు, అది మాకు తెలుసు అనే అర్థంలో బహిరంగంగా రాశారు. అమెరికా అధ్యక్షుడి మాటను పోలండ్ ప్రధాని అంత సూటిగా తోసిపుచ్చడం చిన్న విషయం కాదు. పోలండ్ భద్రతంతా అమెరికా మీద పెట్టుకున్న నమ్మకంతో నడుస్తుంది. ఆ సంఘటనకు పేరు పెట్టడంలో రెండు దేశాలకు రెండు రకాల లెక్కలున్నాయి. పొరపాటు అని తేలితే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. కావాలని చేశారని తేలితే మిత్రులు విమానాలు పంపాలి, రక్షణ వ్యవస్థలు పంపాలి, రష్యా మీద ఆంక్షలు పెంచాలి. పేరును బట్టి ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో మారిపోతుంది.

పోలండ్ వాళ్లకు ఇందులో పాత గాయం కూడా ఉంది. 2022 నవంబరు 15న యుక్రెయిన్ సరిహద్దు దగ్గరి ప్షెవోదువ్ గ్రామంలో క్షిపణి పడి ఇద్దరు చనిపోయారు. అది బహుశా యుక్రెయిన్ గగనతల రక్షణ క్షిపణే అని పోలండ్, నాటో చెప్పాయి. తమది కాదని యుక్రెయిన్ అధ్యక్షుడు పట్టుబట్టారు. మిత్రుల మధ్య అప్పుడూ ఇదే తంటా. అదే ఏడాది మార్చి 10న ఇంకో సంఘటన: సోవియట్ కాలం నాటి తూ-141 డ్రోను యుక్రెయిన్ వైపు నుంచి రొమేనియా, హంగరీ మీదుగా ఎగిరి క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో విద్యార్థుల హాస్టల్ దగ్గర పడింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఆగివున్న కార్లు దెబ్బతిన్నాయి. అంతసేపు హంగరీ మీద ఎగిరితే మాకు ఎవరూ ఎందుకు చెప్పలేదని క్రొయేషియా నిలదీసింది. డ్రోను ఎంత చిన్నదైనా, పేలినా పేలకపోయినా, “మీరు మా పక్షాన ఉన్నారా లేదా” అన్న ప్రశ్న మిత్రుల మధ్య లేస్తుంది.

అలాంటి వారంలో, తూర్పు పోలండ్‌లోని లూబ్లిన్ వైపు నివసించే మనిషికి, చీమకుర్తి నుంచి ఒక కుర్రాడు ట్రంప్ వీడియో పంపాడు. అవతలి నుంచి కొన్ని రోజులు చప్పుడు లేదు. తర్వాత ఒకే ముక్క వచ్చింది: మీ సైనికులు జపాద్‌లో ఉన్నారు కదా, వాళ్లనే అడగండి.

అబ్బాయికి అది అర్థం కాలేదు. నిజమే, జపాద్-2025 విన్యాసాలకు మన దేశం 65 మంది సైనికులను రష్యాలోని ములినో శిక్షణ మైదానానికి పంపింది. మన రక్షణ శాఖే ప్రకటించింది. మనకు అది మామూలు సైనిక సంబంధాల పని. పోలండ్ మనిషికి, తన ఇంటికి దగ్గర్లో డ్రోన్లు పడిన వారంలో, అలా కనిపించదు. పైగా రష్యా చమురు మీద మనకు పడిన సుంకం సంగతీ అతనికి తెలుసు. మొత్తానికి స్లాబుల బేరం కాస్తా నాలుగు దేశాల విదేశాంగ విధానం మీద తగాదా అయింది. నా దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి అది.

ముందు ఏది వద్దనుకున్నాం, ఎందుకు

పెద్దాయన లాయరు నోటీసు పంపుదామన్నాడు. ప్రొఫార్మాలో “ఒంగోలు కోర్టుల పరిధి” అని ఉంది కదా అన్నాడు. కేసు వేయొచ్చు, గెలవొచ్చు కూడా. సంఘటన జరిగిందని చెప్పడం చాలదు, దానివల్ల ఒప్పందం నెరవేర్చడం అసాధ్యమైందని చూపాలి. భారత ఒప్పందాల చట్టం 1872లో 56వ సెక్షన్ మీద మన కోర్టుల ధోరణి ఇదే. గిట్టుబాటు తగ్గిందన్న కారణం సరిపోదని సుప్రీంకోర్టు 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. కానీ ఆ డిక్రీని పోలండ్‌లో అమలు చేయించేది ఎలా? అక్కడ మళ్లీ అక్కడి చట్టం ప్రకారం గుర్తింపు కోసం తిరగాలి. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు) క్లాజు ఉండివుంటే, అలాంటి విదేశీ తీర్పుల అమలు కోసం ఉన్న 1958 న్యూయార్క్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయి కాబట్టి, ఆ తీర్పును (అవార్డును) అక్కడ అమలు చేయించుకునే దారి ఉండేది. ఆ క్లాజు లేదు. అక్టోబరులో రేవు చేరే సరుకుకు, ఎన్నేళ్లకు తేలుతుందో తెలియని కేసు మందు కాదు. నోటీసు వెళ్లిందంటే అవతలి వాడు కూడా లాయరు వెనక్కి వెళ్లిపోతాడు, ఇక ఫోన్ ఎత్తడు.

అబ్బాయి ఇంకో ఆలోచన చెప్పాడు. ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్‌లు (చూపితేనే సరుకు చేతికిచ్చే ఓడ పత్రాలు) మన చేతిలోనే ఉన్నాయి, ఓడ కంపెనీకి రుసుము కట్టి కంటైనర్లను హాంబర్గ్‌కు మళ్లించి ఇంకెవరికైనా అమ్ముదాం అని. సాధ్యమే. నేను వద్దన్నది ఒకే కారణంతో: అప్పటిదాకా ఒప్పందం తప్పింది అతను. మనం సరుకు మళ్లించిన క్షణం తప్పింది మనం అవుతాం, అడ్వాన్సు తిరిగివ్వమనే హక్కు అతనికి నిజంగానే వస్తుంది. ఆ దారిని మూసెయ్యకుండా చివరికి ఉంచుకుందాం అన్నాను.

మూడో ప్రలోభం, దీన్ని ఇద్దరూ గట్టిగా కోరారు: అది యుద్ధం కాదని నిరూపిస్తూ ఒక పెద్ద జవాబు రాయడం. ఒకరి మీద దాడిని అందరి మీద దాడిగా చూసే నాటో 5వ అధికరణం జోలికి పోలేదు, 4వది సంప్రదింపులు మాత్రమే, కూలినవి ఫోము డ్రోన్లు, ఇలా. ఇంకా మెరుగైన ముక్క కూడా దొరికింది వాళ్లకు. పోలండ్‌లోని విరికి అనే ఊళ్లో పైకప్పు ఎగిరిపోయిన ఇంటి మీద పడింది డ్రోను కాదని, దాన్ని కూల్చబోయిన పోలండ్ ఎఫ్-16 నుంచి వెళ్లిన క్షిపణి అని ఆ దేశ పత్రికే రాసింది. చూశారా, వాళ్ల ఇల్లు వాళ్లే కొట్టుకున్నారు అన్నాడు అబ్బాయి.

ఇక్కడే నేను కాస్త గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ ఇంటి మీద ఏది పడినా, దానికి గ్డీనియా రేవులో క్రేను ఆగలేదు. పొరపాటా, దాడా అన్నది టస్క్‌కు, ట్రంప్‌కు ముఖ్యం, ఎందుకంటే వాళ్ల మధ్య బాధ్యత దాన్ని బట్టే మారుతుంది. మన కాంట్రాక్టుకు అది ఎటు తేలినా తేడా లేదు. పచ్చి యుద్ధమే అనుకుందాం, ఓడ రేవుకు వచ్చి సరుకు దిగగలిగితే అతను తీసుకోవాల్సిందే. ఉత్త పొరపాటే అనుకుందాం, దానివల్ల రేవు మూసేసివుంటే అతనికి మినహాయింపు ఇవ్వాల్సిందే. మనం అడగాల్సింది సంఘటన పేరు ఏమిటని కాదు, ఏ పని ఆగింది అని. ఈ సంగతి పెద్దాయనకు వెంటనే పట్టింది. క్వారీలో సమ్మె జరిగిందని బ్లాకు ఇవ్వని వాళ్లను ఆయన చాలామందిని చూసివున్నాడు. సమ్మె నిజమే, కానీ బ్లాకు అంతకుముందే వేరేవాడికి అమ్మేసి ఉంటారు.

చేసి చూసింది, ఫలించనిది

మొదటి మెయిల్ నా చేత రాయించారు. రాజకీయం ఒక్క ముక్క లేకుండా, ఒప్పందంలో ఏ బాధ్యత నెరవేర్చడం మీకు అసాధ్యమైంది, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, దానికి అక్కడి అధికార సంస్థ ఇచ్చిన పత్రం ఏదైనా ఉందా అని అడిగాం. దానితోపాటు సరుకు రవాణా చూసే ఫార్వర్డర్ ద్వారా తెప్పించిన రేవు సమాచారం జోడించాం. గ్డీనియా ఉత్తరాన బాల్టిక్ ఒడ్డున ఉంది. డ్రోన్లు ఎక్కువగా పడిన తూర్పు ప్రాంతం నుంచి నాలుగైదు వందల కిలోమీటర్లు. ఓడలు వస్తున్నాయి, కంటైనర్లు దిగుతున్నాయి. బెలారుస్ సరిహద్దు మూత వల్ల ఆగింది చైనా నుంచి రైలు మీద వచ్చే సరుకు, మనది సముద్రం మీద వచ్చేది.

జవాబు వచ్చింది. రేవు తెరిచే ఉంది, ఒప్పుకుంటాను, కానీ పరిస్థితి సాధారణంగా లేదు అని. పత్రం సంగతి దాటేశాడు.

కాగితం మీద చూస్తే మనం గెలిచినట్టే. ఆచరణలో ఒక్క అంగుళం కదల్లేదు. అయినా ఆ మెయిల్ వృథా అనను. రేవు తెరిచే ఉందని అతని చేత్తో రాయించుకున్నాం, రేపు ఈసీజీసీ దగ్గరకో, ఆర్బిట్రేటర్ దగ్గరకో వెళ్తే అది పనికొస్తుంది. రెండో లాభం, అతని ఇబ్బంది రేవు కాదని మనకు రూఢి అయింది. అంటే ఇంకేదో ఉంది.

ఈలోగా అతను యుద్ధ బీమా గురించి అడిగాడు: నా యార్డు దాకా వార్ రిస్క్ కవర్ తీసిస్తే ఆలోచిస్తాను అని. మంచి సూచన అనిపించి అబ్బాయి సరేననబోయాడు. ఆపాను. మామూలు సరుకు బీమాకు జోడించే వార్ క్లాజులు సరుకు ఓడ మీద ఉన్నంతవరకే వర్తిస్తాయి. రేవులో దిగాక, లేదా ఓడ చేరిన 15 రోజులకు, ఏది ముందైతే అప్పటికి ఆగిపోతాయి. నేల మీద యార్డులో రాళ్ల మీద డ్రోను పడితే ఆ క్లాజు పలకదు. ఇవ్వలేనిదాన్ని ఇస్తామని చెప్పి సంతకం పెడితే అది ఇంకో తగాదా. ఈ వివరమంతా అతనికి ఉన్నదున్నట్టు రాశాం. ఆశ్చర్యంగా, అతను మొదటిసారి మర్యాదగా జవాబిచ్చింది దీనికే. చెప్పినందుకు థాంక్స్, మా ఏజెంటు ఈ సంగతి చెప్పలేదు అన్నాడు.

పనిచేసింది

ఆ థాంక్స్‌ను పట్టుకుని ఫోన్ కాల్ అడిగాం. కాల్‌లో ఎవరు మాట్లాడాలన్నది పెద్ద నిర్ణయం. అబ్బాయికి ఇంగ్లీషు బాగా వచ్చు, కానీ ఆ వీడియో పంపింది అతనే. నేను మాట్లాడితే లాయరు వచ్చాడనుకుంటాడు. చివరికి పెద్దాయన తెలుగులో మాట్లాడటం, అబ్బాయి దాన్ని ఇంగ్లీషులో చెప్పడం అనుకున్నాం. అలా చేస్తే మాట నెమ్మదిగా నడుస్తుంది, ఎవరికీ నోరు జారదు, వయసులో పెద్ద మనిషి ముందుకొచ్చాడన్న గౌరవమూ ఉంటుంది. జపాద్ మాట వస్తే జవాబు చెప్పొద్దని ముందే అనుకున్నాం. మన దేశం ఎందుకు వెళ్లిందో సమర్థించడం రాళ్లు అమ్ముకునేవాడి పని కాదు, తప్పుపట్టడమూ కాదు.

పెద్దాయన మొదట అడిగింది నేను రాసిచ్చిన ప్రశ్న కాదు. “మీ ఇంట్లోవాళ్లంతా బాగున్నారా బాబూ?” అన్నాడు. అవతలి మనిషి కాసేపు ఆ రాత్రి గురించి చెప్పాడు, విమానాల చప్పుడుకు పిల్లలు లేచి కూర్చున్న సంగతి. అబ్బాయి వీడియో విషయానికి సారీ చెప్పాడు. తర్వాత మూడు ప్రశ్నలు: ఐదింటిలో మీకు ఇప్పుడు అమ్ముడుపోయేవి ఎన్ని? ఎవరు వెనక్కి తగ్గారు? డబ్బు ఎప్పుడు కదులుతుంది?

అసలు సంగతి అప్పుడు బయటపడింది. మూడు కంటైనర్ల సరుకు తూర్పు సరిహద్దు వైపు కడుతున్న ఒక హోటల్ కోసం. డ్రోన్ల తర్వాత ఆ బిల్డరు పని ఆపాడు. బిల్డరు ఆపాడని ఇతని బ్యాంకు అప్పు పరిమితి తగ్గించింది. అంటే డ్రోను ప్రభావం అబద్ధం కాదు, చాలా నిజం. కాకపోతే అది అతని అమ్మకం మీద పడింది, మన సరఫరా మీద పడలేదు. అతని లాయరో, స్నేహితుడో ఫోర్స్ మెజ్యూర్ అని రాయమన్నారు. డబ్బు ఇబ్బంది ఉందని చెప్పుకోవడం కంటే యుద్ధం ఉందని చెప్పడం ఏ వ్యాపారికైనా తేలిక.

ఇబ్బంది డబ్బుదని తెలిశాక పరిష్కారం డబ్బు భాషలోనే వెతికాం. సముద్రంలో ఉన్న రెండింటిలో ఒకటి చేరగానే పూర్తిగా డబ్బు కట్టి విడిపించుకోవాలి. రెండోది గ్డీనియాలో కస్టమ్స్ గిడ్డంగిలో ఉంచాలి, డాక్యుమెంట్లు బ్యాంకులోనే ఉంటాయి, అద్దె చెరి సగం. ఫ్యాక్టరీలో ఉన్న మూడూ ఒకేసారి కాకుండా డిసెంబరు తర్వాత ఒక్కొక్కటిగా, ముందు దానికి డబ్బు వచ్చాకే తర్వాతది. అడ్వాన్సు తిరిగివ్వం, చివరి కంటైనర్లకు సర్దుతాం.

అతను ధర కూడా తగ్గించమన్నాడు. పెద్దాయన ఒప్పుకోబోయాడు, నేను వద్దన్నాను. అద్దెలో సగం భరించడం వల్ల మనకు ఎంత ఖర్చో లెక్క తెలుసు, అది ఒకసారితో తీరిపోతుంది. ధర తగ్గిస్తే అది వచ్చే ఆర్డరుకు కూడా అదే ధర. పైగా డ్రోను పేరు చెబితే ధర తగ్గుతుందని ఒకసారి తెలిశాక సరిహద్దులో ప్రతి వార్తకూ ఒక మెయిల్ వస్తుంది. ఆ నెలలోనే 19న రష్యా మిగ్-31లు ఎస్టోనియా ఆకాశంలోకి వచ్చిన వార్త కూడా వచ్చింది, వార్తలకు కొదవలేదు.

సంతకానికి ముందు రెండు పనులు పూర్తి చేయించాను. గడువు మారుతోందని ఈసీజీసీకి ముందే రాసి అనుమతి తీసుకున్నాం. చెప్పకుండా గడువు పొడిగిస్తే, రేపు డబ్బు రాకపోయినప్పుడు క్లెయిము దగ్గర చిక్కు మొదలవుతుంది. బ్యాంకు మేనేజరుకు కొత్త షెడ్యూలు చూపించి ప్యాకింగ్ క్రెడిట్ గడువు సర్దించాం. ఎగుమతి సొమ్ము రాబట్టడానికి ఆర్‌బీఐ ఇచ్చిన గడువు అప్పటికి 9 నెలలు, కొత్త తేదీలు దాని లోపలే ఉండేలా చూశాం. ఒప్పందపు సవరణలో ఫోర్స్ మెజ్యూర్ ఊసే ఎత్తలేదు. అది వర్తించిందని అతను, వర్తించలేదని మనం, ఎవరి మాట వారి దగ్గర ఉంచుకుని తేదీలు మాత్రం మార్చుకున్నాం. అతని పరువు నిలిచింది, మన హక్కు పోలేదు.

మొదటి కంటైనరుకు డబ్బు వచ్చింది. రెండోది గిడ్డంగిలో అనుకున్నదానికంటే ఎక్కువ కాలం ఉంది, కానీ దానికీ వచ్చింది.

దీని నుంచి నేను మార్చుకున్న పద్ధతులు

ఫోర్స్ మెజ్యూర్ క్లాజులో సంఘటనల జాబితా ఎంత పొడవుగా ఉందన్నది నేనిప్పుడు చూడను. ఆ సంఘటన ఈ ఒప్పందంలోని ఫలానా పనిని నేరుగా అడ్డుకోవాలి, కోరే పక్షం ఇన్ని రోజుల్లోగా రాతపూర్వకంగా ఏ పని ఆగిందో చెప్పాలి, డబ్బు కట్టే బాధ్యతకు ఈ మినహాయింపు వర్తించదు. ఈ మూడు మాటలు ఉన్నాయా అని చూస్తాను. మూడోది లేని క్లాజు అమ్మేవాడికి పనికిరాదు. సీఎఫ్ఆర్ అమ్మకాల్లో డీపీ మీద సరుకు పంపేవాళ్లకు సెల్లర్స్ కంటింజెన్సీ బీమా, అంటే కొనుగోలుదారు సరుకు తీసుకోకపోతే అమ్మేవాడిని కాపాడే బీమా, తీసుకోమంటున్నాను. అతని బీమా మనకు అక్కరకు రాని సందర్భం ఒకటి ఉంటుంది, అతను సరుకు తీసుకోనప్పుడు.

కొనుగోలుదారు ఎక్కడివాడన్నది చాలదు, అతని కొనుగోలుదారు ఎక్కడున్నాడన్నది కూడా ఆర్డరు తీసుకునేటప్పుడే అడగమంటున్నాను. గ్డీనియా రేవు చూసి ఇది సురక్షితం అనుకున్నాం, సరుకు చేరాల్సింది బెలారుస్ సరిహద్దు పక్కకు.

ఇక వాట్సాప్. విదేశీ కొనుగోలుదార్లకు వార్తల తునకలు పంపొద్దని మా క్లయింట్లందరికీ చెబుతున్నాను. వాళ్ల మిత్ర దేశం చెప్పిన మాట మనకు అనుకూలంగా ఉంటే అస్సలు పంపొద్దు. బయటివాడి విమర్శను ఎవరైనా తట్టుకుంటారు, తమ పక్షం మనిషి తమను నమ్మలేదన్న సంగతి గుర్తుచేసేవాడిని తట్టుకోవడం కష్టం.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. కొత్త కాంట్రాక్టు నమూనాలో సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ అని రాశాను. ఇంత చిన్న ఆర్డరుకు అంత ఖర్చు ఎవరు పెడతారని పెద్దాయన ప్రశ్న. లెక్క వేస్తే ఆయన మాటలో నిజముంది. ఐదు కంటైనర్ల తగాదాకు అక్కడి ఫీజులు గిట్టుబాటు కావు. ఖర్చు తక్కువయ్యేలా ఒక్క ఆర్బిట్రేటరు, కాగితాల మీదే విచారణ అని మార్చి మళ్లీ పంపాను. ఆ పేజీ మీద ఆయన ఇంకా సంతకం పెట్టలేదు.